హైమవతి నోటికి లైసెన్సు

దూరాన ఒక దేశం ఉంది. బయటెక్కడో చదువుకున్న ఫార్మసిస్టు ఎవరైనా అక్కడ విమానం దిగగానే, మందుల గురించి మాట్లాడబోతే గొంతులోంచి శబ్దం రావడం ఆగిపోతుంది. మిగతా మాటలన్నీ మామూలుగానే వస్తాయి. వాతావరణం, కూరగాయలు, పక్కింటివాళ్ళ కుక్క, దేని గురించైనా గంటలకొద్దీ మాట్లాడుకోవచ్చు. మందు ఊసెత్తితే మాత్రం పెదవులు కదులుతాయి గానీ మాట బయటికి రాదు. అక్కడి లైసెన్సు చేతికొచ్చిన రోజున మళ్ళీ వస్తుంది. ప్రజారోగ్యం దృష్ట్యా ఈ ఏర్పాటు చాలా ఏళ్ళుగా నడుస్తోంది. దీనిమీద ఫిర్యాదులు కూడా లేవు. ఫిర్యాదు చేయాలంటే మందుల ఊసెత్తాలి కదా, చేసినవాళ్ళవి ఎవరికీ వినపడలేదు.

తెనాలిలో ఓ పెద్దాసుపత్రి మందుల విభాగాన్ని ఏళ్ళతరబడి ఒంటిచేత్తో నడిపిన మనిషి హైమవతి. ఆవిడ కళ్ళజోడు పైకెత్తి చూసిందంటే డాక్టర్లు చీటీ వెనక్కి తీసుకుని మరోసారి చదువుకునేవారు. భర్త ఫణిభూషణానికి ఆ దేశపు ట్రాము డిపోలో ఉద్యోగం రావడంతో ఇద్దరూ బయల్దేరారు. దిగిన మర్నాడే ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, పిల్లాడికి ఒకటే దగ్గు. ఆ సిరప్ ఎంత పొయ్యమంటావు?"

హైమవతి చెప్పింది.

"హలో... హలో... మీ ఊళ్ళో సిగ్నల్ లేనట్టుంది వదినా."

సిగ్నల్ నిక్షేపంలా ఉంది. హైమవతి కాగితం మీద రాసి ఫోటో తీసి పంపబోయింది. సిరా ఆరేలోపే అక్షరాలు మాయమయ్యాయి. వీడియో కాల్ చేసి సైగలతో చెప్పబోతే రెండు చేతులూ వాటంతటవే నమస్కారంలోకి వచ్చి ఆగిపోయాయి. "సర్లే వదినా, మళ్ళీ చేస్తాలే," అంటూ ఆడపడుచు కూడా తిరిగి నమస్కారం పెట్టింది.

ఇలాంటి వాళ్ళకి సాయం చేయడానికే ప్రభుత్వం స్వర సహాయ కేంద్రం పెట్టింది. దాన్ని చూసుకునే ఆల్మాజ్ ఇథియోపియా నుంచి వచ్చిన ఫార్మసిస్టు. మందుల ఊసెత్తితే ఆవిడకీ శబ్దం రాదు. అయినా అభ్యర్థుల బాధ అర్థం చేసుకోగల మనిషని ఏరికోరి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

"రెండు పరీక్షలుంటాయి హైమా," అంది ఆల్మాజ్. "మొదటిది కంప్యూటరు మీద టిక్కులు పెట్టడం. టిక్కులు చెరిగిపోవు, దేవుడి దయ. రెండోది నోటి పరీక్ష. రోగికి ఏది ఎలా వాడాలో పరీక్షకుల ముందు గట్టిగా చెప్పాలి."

"చెబితే మాట రాదు కదా?"

"రాదు."

"ఆ పరీక్ష పాసైతేనే మాటొస్తుంది?"

"అవును. ఈ విషయం లైసెన్సులిచ్చే మండలివారి దృష్టిలో ఉంది."

హైమవతి టిక్కులన్నీ సరిగ్గా పెట్టింది. నోటి పరీక్షలో పెదవులు నొప్పెట్టేదాకా చెప్పింది. పరీక్షకులు చాలా మర్యాదస్తులు. ఆవిడ ఆగేదాకా కదలకుండా కూర్చుని, తల ఊపి, మంచినీళ్ళిచ్చి పంపారు. ఫలితం ఇలా వచ్చింది: 'జ్ఞానం సంతృప్తికరం. శబ్దం లేదు. మళ్ళీ ప్రయత్నించగలరు.'

ఈలోగా ఖాళీగా కూర్చోలేక, ఇంటి దగ్గర్లోని మందుల దుకాణంలో షాంపూలు సర్దే పనిలో చేరింది. షాంపూ మందు కిందికి రాదు కాబట్టి దాని గురించి ఎంతైనా మాట్లాడొచ్చు. చుండ్రు దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు కాస్త జీరబోయేది.

ఓ మధ్యాహ్నం హెల్డా అనే ముసలావిడ వచ్చింది. ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. రుజువు లేనిదే ఎవరి మాటా నమ్మదు. గుండె జబ్బుకని నెలనెలా రక్తం పలచబడే మాత్రలు ఇక్కడే తీసుకెళ్తుంది. ఈసారి అరలోంచి మోకాళ్ళ నొప్పుల మాత్రల డబ్బా తీసింది. చెయ్యి చాచినప్పుడు ముంజేతి మీద నల్లటి మచ్చలు కనపడ్డాయి. అప్పటికే ఒక డబ్బా అయిపోయిందని ఆ మచ్చలే చెబుతున్నాయి. దుకాణం ఫార్మసిస్టు భోజనానికి వెళ్ళి తలుపు మూసుకున్నాడు. ఎంత కొట్టినా తియ్యలేదు.

"వద్దండీ!" అంది హైమవతి. ఆ మాటకి శబ్దం వచ్చింది.

"ఎందుకు వద్దు?"

హైమవతి కారణం చెప్పింది. పెదవులు కదిలాయంతే. మళ్ళీ చెప్పింది. చేతులు నమస్కారం పెట్టాయి.

"నమస్కారం సరే. కారణం లేకుండా వద్దంటే నేను దిగిపోయే రకం కాదు," అంటూ హెల్డా బిల్లు కౌంటరువైపు నడిచింది.

హైమవతికి ఒళ్ళు మండిపోయింది. తనకి తెలుసు. ఈవిడ ఆ డబ్బా కూడా మింగితే ఆస్పత్రిపాలవుతుంది, అక్కణ్ణుంచి తిరిగి రాకపోవచ్చు. తెనాలిలోనైతే ఒక్క మాటతో తేలిపోయేది. పరుగున వెళ్ళి అడ్డం నిలబడింది. ఏం మాట్లాడాలో తోచక, నోటికొచ్చిన ఇంటి సంగతి ఎత్తుకుంది.

"మా పెద్దత్తగారింట్లో ఇద్దరు తోడికోడళ్ళుండేవారండీ. అంటే అన్నదమ్ముల పెళ్ళాలు."

శబ్దం వచ్చింది. ఖంగుమంటూ వచ్చింది. హెల్డా ఆగింది.

"పెద్దకోడలు ఇంట్లో ఏదీ గడ్డకట్టనివ్వదు. పాలు తోడు పెట్టినా పేరుకోనివ్వదు. అంతా పల్చగా పారుతుండాలి. ఆవిడ లేకపోతే ఆ ఇల్లు నిలబడదు. ఈమధ్య చిన్నకోడలు కాపురానికొచ్చింది. మోకాళ్ళు పట్టడంలో మహా దిట్ట. కానీ పాడలవాటు, కూర్చున్నచోటల్లా గోడ గీకుతుంది. గీకి గీకి చిల్లు పెడుతుంది. ఉత్తప్పుడైతే ఆ చిల్లు దానంతటదే పూడుకునేది. పెద్దావిడ పూడనిస్తుందా? ఇంక కారడమే. పైకి ఏమీ కనపడదు, లోపల్లోపల ఇల్లంతా ఎర్రగా."

హెల్డా తన సంచీ వంక చూసుకుంది. చేతిలో డబ్బా చూసుకుంది. తర్వాత ముంజేతి మచ్చలు చూసుకుంది.

"పెద్దకోడలు నా సంచీలో ఉంది," అంది మెల్లగా.

"మీరు ఎవరి గురించి అంటున్నారో నాకు తెలీదండీ."

"మరి నా మోకాళ్ళ గతేంటి?"

"ఆ వీధిలోనే ఓ మేనత్తగారున్నారు. గోడల జోలికి పోరు. మీ డాక్టరుగారినడిగితే పరిచయం చేస్తారు. ఇవాళే అడగండి. ఆ మచ్చలు కూడా చూపించండి."

హెల్డా డబ్బా అక్కడే పెట్టేసి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి, తిరిగొచ్చాక ఊరంతా చెప్పింది. అప్పటినుంచి షాంపూల అర దగ్గర ముసలీముతకా గుమిగూడేవారు. ఇంట్లో మంచం పక్కనుండే మందుల సంచీ తెచ్చి విప్పి, "నా ఇంట్లో కోడళ్ళెలా ఉన్నారో కాస్త చూడమ్మా," అనేవారు. షాంపూల అమ్మకం కూడా పెరిగింది.

ఆల్మాజ్ ఈ పద్ధతిని కేంద్రంలో పాఠంగా పెట్టింది. తనకి కోడళ్ళు కుదరక మేకల మంద వాడుకుంది. కైరో నుంచొచ్చిన ఒకాయన ఫుట్‌బాల్ జట్టుతో నెట్టుకొచ్చాడు. మండలివారు సమావేశమై, నోటి పరీక్షలో కుటుంబ కథనాన్ని అనుమతించారు. హైమవతి చక్కెర జబ్బు మందులన్నింటినీ ఒకే పెళ్ళివారింటికి తోలి, ఎవరు ముందు తినాలో, ఎవరు ఆఖరి పంక్తిలో కూర్చోవాలో విడమరచి చెప్పింది. పరీక్షకులు నోట్సు రాసుకోవడం మానేసి విన్నారు. చివర్లో ఒకాయన, "ఇంతకీ ఆ అలిగిన బావగారు అన్నం తిన్నారా?" అని అడిగాడు.

లైసెన్సు వచ్చింది. వచ్చిన క్షణాన గొంతులో సీసా మూత తీసినట్టు చిన్న చప్పుడైంది. హైమవతి వంటింట్లో నిలబడి తనకి తెలిసిన మందుల పేర్లన్నీ పైకి చదివింది. ఒక్కోటీ వినపడుతుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. ఫణిభూషణం గుమ్మంలో నిలబడి, ఒక్కటీ అర్థం కాకపోయినా, ఆఖరిదాకా విన్నాడు.

వేరే దుకాణంలో ఫార్మసిస్టుగా ఉద్యోగం వచ్చింది. తెల్లకోటు వేసుకుని, పేరు బిళ్ళ పెట్టుకుని, కౌంటరు వెనక నిలబడింది. మొదటి రోజు ఒక పెద్దమనిషి చీటీ ఇచ్చాడు. లైసెన్సు ఉన్నవాళ్ళు కోడళ్ళ గురించి మాట్లాడకూడదు. అందుకని హైమవతి ఆ మందు ఎప్పుడు వేసుకోవాలో, దాంతో ఏం తినకూడదో స్పష్టంగా, గట్టిగా, ఆ దేశపు భాషలోనే చెప్పింది. ప్రతి అక్షరమూ వినపడింది.

పెద్దమనిషి ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూశాడు. "ఎవరైనా ఫార్మసిస్టుతో మాట్లాడొచ్చా?" అన్నాడు.

సాయంత్రం హైమవతి కేంద్రానికెళ్ళి ఆల్మాజ్‌తో జరిగింది చెప్పింది. ఆల్మాజ్ ఆశ్చర్యపోలేదు.

"మా పని నోటి వరకే హైమా," అంది. "చెవులు వేరే శాఖ కిందికొస్తాయి."

"ఆ శాఖ ఎక్కడుంది?"

"ఇంకా పెట్టలేదు."

మర్నాడు హైమవతి కొంచెం ముందుగా దుకాణానికి వెళ్ళి, బిల్లు కౌంటరులో గ్రీటింగు కార్డులమ్మే గ్రెటా అనే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ దేశంలోనే పుట్టిన పిల్ల. హైమవతి చెప్పిన మాటని అదే భాషలో, ఉన్నదున్నట్టు మళ్ళీ చెబుతుంది. వచ్చినవాళ్ళు శ్రద్ధగా విని, గ్రెటాకి థాంక్స్ చెప్పి వెళ్తారు. ఒక్కరు కూడా తప్పు మందు మింగలేదు. దుకాణం యజమాని ఈ ఏర్పాటు చూసి చాలా సంతోషించి, వచ్చే నెల నుంచి గ్రెటాకి కూడా ఒక తెల్లకోటు కుట్టించమన్నాడు. కొలతలు హైమవతే తీసింది.