ఇరవై ముగ్గురికి ఒక్క మేనేజరు చాలు

ఒక మేనేజరు కింద ఎంతమంది ఇంజనీర్లుండాలి? ఏడెనిమిది మంది చాలని కొందరు మేధావులు అంటుంటారు. పాపం, వాళ్ళకు మనుషులతో మాట్లాడే జబ్బుంది. ఇరవై ముగ్గురున్నా హాయిగా నడపవచ్చని ఈ వ్యాసకర్త మనవి!

ఈ వ్యాసకర్త పేరు గిడియోన్. మెదక్‌లో ఇంట్లో కూర్చుని హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీకి మేనేజరుగిరీ చేస్తాడు. ఇరవై ముగ్గురికి పంచాక 'నేను' అనుకోవడానికి తనకంటూ ఏమీ మిగల్లేదు కనుక, తన గురించి తానే ఇలా పరాయివాడిలా చెప్పుకుంటున్నాడు. మన్నించాలి.

మొదట్లో అతని కింద ఏడుగురే. అందరి పేర్లూ తెలుసు, వాళ్ళ పిల్లల పేర్లూ తెలుసు. ఎవరికి జ్వరమొచ్చినా ఇతనికి బెంగ. ఎంత నరకం! తర్వాత కంపెనీ మధ్య స్థాయి మేనేజర్లను తీసేసి, వాళ్ళ మనుషులందరినీ ఇతనికి అంటగట్టింది. మొత్తం ఇరవై ముగ్గురయ్యారు.

"గింతమందిని ఎట్ల చూస్తవ్?" అంది భార్య నవోమి.

"నేనేం చూసుడు? కంప్యూటర్ల క్యాలెండర్ చూస్కుంటది," అన్నాడు గిడియోన్.

నిజంగానే అదే చూసుకుంటోంది. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే మీటింగ్ పెడుతుంది, అదే వేళకు పై అధికారుల మీటింగొస్తే తీసేస్తుంది. ఎవరితోనూ మాట్లాడకపోవడంకన్నా సమన్యాయం ఏముంటుంది? ఏడాది రివ్యూ కూడా అందరికీ ఒకటే రాశాడు: 'మంచి టీమ్ ప్లేయర్, ఇంకా చొరవ చూపాలి.' చొరవ చూపి అప్పటికే ఉద్యోగం మానేసిన ఒకాయనకు సైతం అదే రాశాడు.

మొన్న ఆఫీసుకు రమ్మంటే బస్సెక్కాడు. పక్క సీట్లో ల్యాప్‌టాప్ బ్యాగుతో ఒక కుర్రవాడు. ఇద్దరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. గిడియోన్ మైకు మూసుకుని టీమ్ మీటింగ్ వింటున్నాడు. పక్కవాడు "నో ఇష్యూస్, నిన్నటి పని అయిపోయింది" అన్నాడు. అదే మాట క్షణం ఆగి గిడియోన్ చెవిలో మళ్ళీ వినిపించింది.

తన మనిషే! పేరేమిటో ఫోన్లో చూస్తే గానీ తెలియలేదు. తాహెర్. ఏడాదిగా తన కిందే పనిచేస్తున్నాడు.

నర్సాపూర్ అడవి రాగానే ఇద్దరికీ సిగ్నల్ పోయింది. గిడియోన్ తానెవరో బయటపడకుండా, "మీ మేనేజర్ ఎట్లుంటడు?" అని అడిగాడు.

"మస్తు మంచోడు. ఏమడగడు," అన్నాడు తాహెర్. "అమ్మీని దవాఖానకు తోల్కపోవాలె, నైట్ షిఫ్ట్ మార్చుండ్రి అని చెప్పనీకె పది నిమిషాలు అడుగుతున్న. మీటింగ్ పెడ్తడు, తీసేస్తడు. వేరే కంపెనోళ్ళు పిలిచిన్రు, ఇయ్యాల సాయంత్రం వరకు చెప్పాలె. నాకైతే పోవాలని లేదు."

గిడియోన్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఈ మాట వినడానికి ఎంతసేపు పట్టింది? ఊ కొట్టినంతసేపు.

"తాహెర్, ఆ మేనేజర్ నేనే," అన్నాడు.

"ఎరుకే సార్. బస్టాండ్లనే గుర్తుపట్టిన. క్యాలెండర్ల దొరుకుతలేరని పక్క సీట్ల కూసున్న."

"షిఫ్ట్ మారుస్త. జర సిగ్నల్ రానియ్. నువ్వు పోకు."

తాహెర్ నవ్వాడు. గిడియోన్ ప్రాణం కుదుటపడింది.

అడవి దాటింది, సిగ్నలొచ్చింది, దాని వెంటే డైరెక్టర్ మీటింగూ వచ్చింది. గిడియోన్ "ఒక్క నిమిషం" అని తాహెర్‌కు వేలు చూపించి మైకు తెరిచాడు. ఉద్యోగులు మానేయకుండా ఏం చేయాలన్నది ఆ మీటింగ్ విషయం. గిడియోన్ చాలా బాగా మాట్లాడాడు. మేనేజరన్నవాడు మనుషుల మాట చెవిన పెట్టాలన్నాడు. డైరెక్టర్ మెచ్చుకున్నాడు.

బాలానగర్ దాటాక మీటింగ్ ముగిసింది. పక్క సీటు ఖాళీ.

"దిగేటప్పుడు పిలిచిండు సార్," అంది కండక్టరమ్మ. "మీరే చెయ్యి అడ్డం పెట్టిన్రు."

షిఫ్ట్ సంగతి చూసేలోపు ఇంకో నాలుగు మీటింగులు పడ్డాయి. సాయంత్రానికి తాహెర్ రాజీనామా మెయిలొచ్చింది. మర్యాదగా రెండు లైన్లు, కోపం ఎక్కడా లేదు. గిడియోన్‌కు ఏడుపొచ్చింది.

కనుక పాఠకులారా, ఇరవై ముగ్గురిని ఒక్క మేనేజరు సులువుగా నడపగలడు. ఇరవై ఇద్దరినైతే ఇంకా సులువు. ఇదే పద్ధతిలో నడిపితే కొన్నాళ్ళకు ఎవ్వరూ మిగలరు. అప్పుడు గిడియోన్‌కు అందరి మాటా వినే తీరిక దొరుకుతుంది.