కాజా కౌన్సిలింగ్

ఎమ్మెల్యే వెంకటరాజు గారు ఇకమీదట కోప్పడరని పత్రికా ప్రకటన వెలువడింది. ప్రజల కోసం తన స్వభావాన్నే త్యాగం చేసిన నాయకుడు దేశంలో ఇంకొకరు లేరని అందులో ఉంది. అది రాసిన పీఏ అప్పాజీ చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

త్యాగానికి కారణం లేకపోలేదు. అర్జీదారుల మీద చెయ్యి చేసుకునేవాళ్లకి రాబోయే విస్తరణలో మంత్రి పదవి ఉండదని పార్టీ పెద్దలు తేల్చేశారు. పరిశీలకుడు వచ్చి కళ్లారా చూస్తాడట. పదవి వస్తే అప్పాజీకి సెక్రటేరియట్‌లో కుర్చీ. రాకపోతే రెండో చెంప.

రాజమండ్రి నుంచి కౌన్సిలర్ సురేంద్ర గారిని కారులో తీసుకొచ్చారు. ఆయన బిహేవియర్ థెరపీ చదువుకున్న మనిషి. మంచిగా ప్రవర్తించిన వెంటనే బహుమతి దొరికితే ఆ ప్రవర్తనే అలవాటవుతుందని వివరించి, రాజు గారికి ఇష్టమైనదేమిటని అడిగారు. మడతకాజా అని తేలింది. ఒక అర్జీ తిట్టకుండా వింటే ఒక కాజా.

మర్నాడు చేపలమ్ముకునే నూకరత్నం వచ్చింది. మండపేట రోడ్డు మలుపులో గుంత పడిందని, తను ఎక్కిన ఆటో అందులో తిరగబడిందని చెప్పుకుంది. రాజు గారు పళ్లు బిగబట్టి విన్నారు. అప్పాజీ కాజా అందించాడు. కానీ ఇంటికొచ్చిన మనిషిని ఎదురుగా నిలబెట్టి ఒక్కరే ఎలా తింటారు? గోదావరి జిల్లాల్లో ఆ పని హంతకుడు కూడా చెయ్యడు.

"ముందు ఆవిడకి పెట్టు" అన్నారు రాజు గారు.

ఆ మర్నాడు నూకరత్నం అదే గుంత గురించి మళ్లీ వచ్చింది, ఈసారి తోడికోడలితో. వారం తిరిగేసరికి ఊళ్లో ఆ గుంతలో పడనివాళ్లు లేరు. మంచం దిగలేని ముసలాళ్లని కూడా మోసుకెళ్లి, గుంత చూపించి, అట్నుంచటే అర్జీకి తెచ్చారు. రాజు గారి శాంతం ఎంత పెరిగిందంటే చొక్కా గుండీలు పట్టడం మానేశాయి.

ఇన్ని అర్జీలు చూస్తే పరిశీలకుడు ఏమనుకుంటాడోనని బెంగపడి, అప్పాజీ గుంత పూడ్చడానికి రోడ్డు రోలర్ని పంపించాడు. గంటలో కబురొచ్చింది. జనం రోలర్ ముందు పడుకున్నారు.

అప్పాజీ పరిగెత్తాడు. "ఏంటమ్మా ఇది?"

"పూడ్చేస్తే మేం ఏం చెప్పుకుని రావాలండి? దాని జోలికొస్తే బాగోదు, చెప్తన్నాను" అంది నూకరత్నం, పడుకునే.

సరిగ్గా అప్పుడే పరిశీలకుడి కారు వచ్చి గుంతలో దిగబడింది. జనం లేచి, కారుని పైకెత్తి, వెంకటరాజు గారికి జై కొట్టి, మళ్లీ పడుకున్నారు. రోడ్డు బాగుచేస్తామన్నా వద్దనేంత అభిమానం తానెక్కడా చూడలేదని ఆయన అక్కణ్నుంచే హైదరాబాద్‌కి ఫోన్ చేశాడు.

విస్తరణలో వెంకటరాజు గారికి రోడ్లు, భవనాల శాఖ దక్కింది. టీవీలో ఆ మాట విని నూకరత్నం కళ్లు తుడుచుకుంది.

"ఇక మన గుంతకి భయం లేదండి" అంది.