కర్పూరం బిళ్ల మీద ఒక ఓటు

నాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. దేవుడిది ఏ పార్టీ?

నవ్వకండి. పుంగనూరులో గుడి వీధిలో పూజాసామాన్ల అంగడి పెట్టుకున్నవాడికి కాక ఈ సందేహం ఎవరికి వస్తుంది? నామినేషన్ల రోజు పొద్దున ఒక పార్టీ ఊరేగింపు వస్తుంది. బుట్టలకొద్దీ టెంకాయలు కొంటుంది. మధ్యాహ్నం ఇంకో పార్టీ వస్తుంది. "వాళ్లెన్ని కొట్టినారప్పా?" అని అడిగి, ఇంకో బుట్ట ఎక్కువ కొంటుంది. అందరూ వెళ్లేది ఒకే గుడికి. కొట్టేది ఒకే రాయి మీద. స్వామి విగ్రహం మీద పెట్టిన పువ్వు కుడివైపు పడితే కోరిక తీరుతుందని మా నమ్మకం. సాయంత్రానికి ఇద్దరికీ కుడివైపే పడిందని ఊరంతా చెప్పుకుంటారు!

గెలిచేది ఒక్కరే కదా! మరి రెండోవాడికి స్వామి పువ్వు ఎందుకిచ్చినట్టు? పూజారిగారిని అడిగాను. "నువ్వు కాయలమ్ముకోప్పా" అన్నారు.

సరే, ఆ సందేహాన్ని అలా పక్కన పెడదాం. ఈ రోజు మీకు నేను చెప్పదలచుకున్నది ఒక శుభవార్త. మన ప్రజాస్వామ్యంలో అన్నిటికన్నా గొప్ప సౌకర్యం కర్పూరం బిళ్ల! అది ఉన్నంతకాలం ఓటరుకు సొంత అభిప్రాయం అనే జబ్బు అంటుకోదు.

తెలియనివారికి చెబుతాను. మా వైపు పోలింగు దగ్గర పడగానే పార్టీ మనిషి ఇంటికో అంగడికో వస్తాడు. తమలపాకు మీద కర్పూరం వెలిగిస్తాడు. దేవుడి పటానికి చూపించి మన ముందు పెడతాడు. మనం దాని మీద చెయ్యి చాపి "నా ఓటు ఈ గుర్తుకే" అనాలి. మాట తప్పితే కళ్లు పోతాయి. అంతే, పని అయిపోయింది! మేనిఫెస్టో చదవనక్కరలేదు. మైకుల కింద నిలబడనక్కరలేదు. ఎవరు మంచివాడు, ఎవరు కాదు అని బుర్ర చెడగొట్టుకోనక్కరలేదు. ఇంత తక్కువ శ్రమతో పౌరుడి బాధ్యత తీరిపోయే దేశం ఇంకెక్కడైనా ఉందా?

నాకూ ఒకప్పుడు అభిప్రాయాలుండేవి. పదో తరగతి దాకా చదివినవాడికి ఆ మాత్రం ఉండవా?

మద్యం ఉండకూడదన్నది నా మొదటి అభిప్రాయం. తొంభై అయిదులో ప్రభుత్వం నిషేధం పెట్టింది. సంతోషం పట్టలేక గుడిలో అర్చన చేయించాను. ఆ వారం నుంచే మా వీధి మగవాళ్లకు వెంకటగిరికోటలో ఉన్న చుట్టాల మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఎప్పుడూ తలవని మేనత్తలను కూడా శనివారం శనివారం పలకరించి వచ్చేవాళ్లు. అక్కడి నుంచి కర్ణాటక ఎంత దూరం? పోయేటప్పుడు తేలిగ్గా ఉన్న సంచులు వచ్చేటప్పుడు గలగలమనేవి. రెండేళ్లకు నిషేధం ఎత్తేశారు. ఖజానాకు ఆదాయం తగ్గిపోయిందట! అంటే నా అభిప్రాయం ప్రభుత్వాన్ని నష్టపెట్టిందన్నమాట. అలాంటి వస్తువును ఇంట్లో ఉంచుకోవచ్చా? వదిలేశాను.

రెండోది ఉచిత కరెంటు. దాని మీద మదనపల్లె టమోటా మండీలో పనిచేసే మా బావమరిది ఉమాశంకర్‌తో పెళ్లి పంక్తిలో వాదన పెట్టుకున్నాను. ఇవ్వాలని నేను, ఇవ్వకూడదని అతను. పాయసం వచ్చేసరికి ఇద్దరం లేచి చెరో దిక్కు వెళ్లిపోయాం. చాలాకాలం మాటలు లేవు. రెండువేల నాలుగులో కరెంటు ఉచితమే అయింది. కానీ అప్పటికి బోర్లు ఎండిపోయాయి. మోటారు వేస్తే గాలి వచ్చేది. అదీ ఉచితంగానే! ఇద్దరం ఓడిపోయాం కాబట్టి మళ్లీ మాట్లాడుకుంటున్నాం.

కుప్పంలో మా పెద్దమ్మ కొడుకు నాకన్నా తెలివైనవాడు. తెలుగులో ఓటడిగితే తెలుగులో, తమిళంలో అడిగితే తమిళంలో, కన్నడంలో అడిగితే కన్నడంలో సరేనంటాడు. మూడు భాషలు వచ్చినా ఒక్క భాషలో కూడా 'కాదు' అనే మాట నేర్చుకోలేదు. అతని ఆరోగ్యం చూడాలి! బి.పి. లేదు, షుగర్ లేదు.

అందుకే ఆ పెళ్లి పంక్తి గొడవ తరువాత నేనూ కర్పూరానికి మారిపోయాను.

తొంభై తొమ్మిదిలో ఒక్కసారి మాత్రం ఇరుక్కున్నాను. పొద్దున రెడ్డెప్ప వచ్చి తన పార్టీకి కర్పూరం వెలిగించాడు. సాయంత్రం మల్లప్ప వచ్చి తన పార్టీకి వెలిగించాడు. ఇద్దరూ మా వార్డు పెద్దమనుషులే. ఇద్దరూ టెంకాయలు నా దగ్గరే కొంటారు. ఎవరిని కాదనను? ఇద్దరి ముందూ చెయ్యి చాపాను. ఆ ఏడు అసెంబ్లీకి, పార్లమెంటుకు ఒకేసారి ఎన్నికలు రావడం కేవలం దైవకృప! పార్లమెంటు ఓటు తెల్ల కాగితం రెడ్డెప్పకు, అసెంబ్లీ ఓటు గులాబీ కాగితం మల్లప్పకు ఇచ్చేశాను. రెండు కళ్లూ దక్కాయి.

అసలు చిక్కు రెండువేల అయిదులో మునిసిపల్ ఎన్నికలప్పుడు వచ్చింది.

మా వార్డును ఆడవాళ్లకు కేటాయించారు. ఇది మంచిదా చెడ్డదా అని ఊరు రెండుగా చీలి వాదించుకుంది. రెడ్డెప్ప, మల్లప్ప మాత్రం వాదించలేదు. ఒకరు భార్యను, ఇంకొకరు వదినను నిలబెట్టి తామే తిరగడం మొదలుపెట్టారు. పోస్టరులో రెడ్డెప్ప ముఖం పళ్లెమంత ఉంటే, భార్య ముఖం చిక్కుడు గింజంత ఉంది. పాపం, ఆమె పోటీ చేస్తున్న సంగతి ఆమెకు చెప్పారో లేదో!

ఎప్పటిలాగే ఇద్దరూ వచ్చారు. ఎప్పటిలాగే చెయ్యి చాపాను. కౌన్సిలరు ఎన్నికకు ఉండేది ఒకే ఒక్క ఓటు అన్న సంగతి రెండో కర్పూరం ఆరిపోయాక గుర్తొచ్చింది!

ఆ దిగులులో ఉండగా మారెమ్మ వచ్చింది.

మారెమ్మ మా వీధి వెనకాల కాలనీలో ఉంటుంది. రోజూ పొద్దున్నే నా అంగడికి పూలు కట్టి తెస్తుంది. అంతకు రెండేళ్ల ముందు ఎండాకాలంలో మా వీధి బావులన్నీ అడుగంటాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఆ డ్రైవరుకే తెలియదు. మా ఇంట్లో స్వామికి అభిషేకం ఆగిపోయే రోజు వచ్చింది. మా తాతల నాటి నుంచి అది ఆగింది లేదు. కాలనీ బోరులో మాత్రం సన్నగా నీళ్లు వచ్చేవి. ఆ సంగతి తెలిసి మారెమ్మ తలమీద పూలబుట్ట, చంకన నీళ్ల బిందెతో రావడం మొదలుపెట్టింది. వానలు పడేదాకా ఒక్క పొద్దు కూడా మానలేదు.

పక్కింటి నాగరత్నమ్మగారికి దాని మీద గట్టి అభిప్రాయం ఉండేది. "ఎవురి బోరు నీళ్లో యేమో, దేవుని నెత్తిన పోస్తాండావే!" అని గోడ మీదుగా అడిగారు. అప్పుడు నా దగ్గర నీళ్లూ లేవు, అభిప్రాయాలూ లేవు. "స్వామి వద్దంటే మానేస్తానమ్మా" అన్నాను. స్వామి ఏమీ అనలేదు. చల్లగా స్నానం చేశాడు.

ఆ రోజుల్లోనే మారెమ్మతో "నీ బిందె రుణం ఎప్పటికైనా తీరుస్తానమ్మా" అన్నాను. "నాకు కాదులేప్పా, సామికి గదా తెస్తాండేది" అని నవ్వేసింది.

ఇప్పుడు ఆ మారెమ్మ అంగడి మెట్ల కింద నిలబడింది.

"ఏమప్పా, నేనూ నిలబడుండాను. ఓటేస్తావా?"

"కర్పూరం తేలేదా అమ్మా?"

"కర్పూరం యాలప్పా? నోరుండాది గదా, సెప్తే సాలదా?"

ఇంత పద్ధతి లేకుండా ఓటడిగేవాళ్లను నేను అంతవరకు చూడలేదు!

"గెలిస్తే ఏం చేస్తావు?" అని అడిగాను. కాలనీ బోరుకు ఎదురుగా ఒక బ్రాందీ షాపు వచ్చింది. సాయంత్రమైతే ఆ దారిలో ఆడపిల్ల నడిచే పరిస్థితి లేదు. మారెమ్మ కూతురు మునీశ్వరి ఇంటర్ రెండో సంవత్సరం. తాగినవాళ్లు చేయి పట్టి లాగారని ట్యూషన్ మానేసింది. ఇంకొన్నాళ్లుంటే కాలేజీ కూడా మానేస్తుంది.

"ఆ అంగడి ఆణ్ణుంచి తీసేదాకా మునిసిపల్ ఆఫీసు ముందర కూసుంటాను" అంది మారెమ్మ. "ఇప్పుడు నా బిడ్డ ఇంట్లో కూసోనుండాది. దాని బదులు నేను ఆడ కూసుంటా. అంతే నాకు తెలిసింది."

నేను "చూద్దాంలే అమ్మా" అన్నాను. ఓటరు భాషలో దానికి అర్థం మీకు తెలుసు. ఆమెకూ తెలుసు. పూలు ఇచ్చి వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లి మా ఆవిడ రంగనాయకమ్మకు సంగతంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"ఉండేది రెండు కండ్లు. రెండు ప్రమాణాలు చేసేస్తిరి. మూడోదానికి నా కన్ను ఇమ్మంటారా?"

మరునాడు రెడ్డెప్ప మళ్లీ వచ్చాడు. మల్లప్ప కూడా వచ్చిపోయాడని ఎవరో చెప్పారట. ప్రమాణం పాతబడకుండా ఇంకోసారి చేయించుకుందామని కర్పూరం వెలిగించాడు. నాకు చిన్న సందేహం వచ్చింది.

"రెడ్డెప్పా, ఒక మాట అడగనా?"

"అడుగప్పా. నీ అంగట్లో సందేహాలు తప్ప ఇంకేముండాయి?"

"ఎప్పుడూ నేనే చెయ్యి పెడుతున్నాను. ఈసారి నువ్వూ పెట్టు. గెలిస్తే ఆ బ్రాందీ షాపు తీయిస్తామని చెప్పు. నీది అయ్యాక నాది."

రెడ్డెప్ప కర్పూరం వైపు చూశాడు. నా వైపు చూశాడు. మెల్లగా రెండు చేతులూ తువ్వాలు కిందికి లాక్కున్నాడు.

"ఏందప్పా, దేవునితో పరాచికాలా! రాజకీయం అన్నాక వంద ఉంటాయి. దాన్లోకి దేవుణ్ణి యాల ఈడుస్తావు?"

మండుతున్న కర్పూరాన్ని అలాగే వదిలేసి స్కూటరెక్కాడు.

మల్లప్పనూ ఇదే అడిగాను. ఆయన వెంటనే ఎవరో దూరపు బంధువు చనిపోయాడని, ఇంట్లో అంటు ఉందని, కర్పూరం తాకకూడదని చెప్పాడు. మొన్న కర్పూరం వెలిగించింది ఆ చేతులే! అంటు ఓటు వేసేవాడి ప్రమాణానికి అడ్డం రాదు, ఓటు అడిగేవాడి ప్రమాణానికే అడ్డమొస్తుందని నాకు శాస్త్రం అప్పుడు తెలిసింది.

వాళ్లు వెళ్లారు గానీ నా కళ్ల సమస్య అలాగే ఉండిపోయింది. ప్రమాణం ప్రమాణమే కదా! పొద్దున అంగడి తీసి, గోడ వైపు తిరిగి స్వామికి చెప్పుకోబోయాను. గోడకు రెండు క్యాలెండర్లున్నాయి. ఒకటి రెడ్డెప్ప పంచింది, ఒకటి మల్లప్ప పంచింది. ప్రతిసారీ ఎవరి క్యాలెండరు ముందు వాళ్లు హారతి తిప్పి, నా చేత ప్రమాణం చేయించుకున్నారు. నేనేమో భక్తితో కళ్లు మూసుకునేవాణ్ణి.

ఆ రోజు కళ్లు తెరిచి చూశాను. క్యాలెండరు నిండా నాయకుడు, చేతులు జోడించి నవ్వుతున్నాడు. స్వామి పైన ఒక మూల తపాలా బిళ్లంత ఉన్నాడు!

అప్పుడే అంగడికి టిఫిను తెచ్చిన రంగనాయకమ్మను పిలిచి, "ఇంతకాలం హారతి ఎవరికి తగిలినట్టు?" అని అడిగాను.

ఆమె దగ్గరికి వచ్చి చూసింది. "దీన్లో అనుమానమేముండాది? మసి యాడ పట్టిందో సూడండి."

మసి నాయకుడి గడ్డానికి పట్టింది. రెండో క్యాలెండరులో ఆ నాయకుడి మీసానికి పట్టింది. స్వామి దాకా ఒక్క చుక్క మసి కూడా చేరలేదు. రెండు చోట్లా ఆయన పైమూలన శుభ్రంగా, ఈ గొడవతో ఏ సంబంధమూ లేనట్టు కూర్చుని ఉన్నాడు.

నా గుండె తేలికపడింది. నేను ప్రమాణం చేసింది నాయకుల మీద! నాయకుడి మీద చేసిన ప్రమాణం తప్పితే కళ్లు పోతాయా? అదే నిజమైతే, వాళ్ల మీద వాళ్లే ఒట్టేసుకుని తిరిగేవాళ్లకు ఈపాటికి ఒక్కరికైనా చూపు మిగిలేదా?

పోలింగు రోజు స్నానం చేసి, అభిషేకం ముగించి, బూత్‌కు వెళ్లాను. ఎవరికి వేశానో చెప్పను. రహస్యం కదా! బయటికి వచ్చాక మాత్రం రెండు కళ్లూ నులుముకుని చూశాను. ఎదురుగా రెడ్డెప్ప నవ్వుతూ కనిపించాడు. చక్కగా కనిపించాడు.

మారెమ్మ ఓడిపోయింది. రెడ్డెప్ప భార్య కూడా ఓడిపోయింది. గెలిచింది మల్లప్ప వదిన. కానీ మారెమ్మకు పడిన ఓట్లు చూసి గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఒకేసారి చెమటలు పట్టాయి. కర్పూరం వెలిగించకుండా అన్ని ఓట్లు ఎలా వచ్చాయో ఇద్దరికీ అర్థం కాలేదట! దసరా వెళ్లేలోగా మల్లప్ప పైవాళ్లతో మాట్లాడి బ్రాందీ షాపును అక్కడి నుంచి కదిలించాడు. మూసేయలేదు లెండి, పక్క వార్డుకు మార్పించాడు. అక్కడివాళ్లకు ఇంకా కర్పూరం మీద నమ్మకముంది.

మునీశ్వరి మళ్లీ ట్యూషన్‌కు వెళుతోంది.

ఫలితాల మరునాడే పొద్దున మారెమ్మ ఎప్పటిలా పూలు తెచ్చింది. ఎవరికి వేశానో నేను చెప్పలేదు. ఆమే అంది.

"ఇంక బిందె మాట ఎత్తొద్దప్పా. సరిపోయింది."

"నాకేం తెలుసమ్మా?" అన్నాను.

ఆమె వెళ్లాక క్యాలెండర్లు రెండూ తీసేశాను. ఆ గోడకు మా ఇంటి పాత స్వామి పటం తగిలించి, దండం పెట్టుకున్నాను. నా సందేహం కూడా అక్కడే తీరింది. ఆ ఎండాకాలమంతా ఎవరి బిందెతో స్నానం చేశాడో, స్వామిది ఆ పార్టీయే! రుణం కూడా ఆయనదే. నడిచి వెళ్లి కట్టి రావడానికి ఆయనకు ఓటు లేదు కాబట్టి, నన్ను పంపించాడు.