గ్రీకాయన గరుడ స్తంభం, మా రెండు వాట్సాప్ గ్రూపులు

వాట్సాప్ గ్రూపులను తిట్టేటోళ్లకు బుద్ధి లేదు. మా ఆర్మూర్‌ల జనాన్ని కలిపింది గవే! నమ్మరా? జర వినుండ్రి.

మా బిడ్డ పూర్ణిమ చదివే జూనియర్ కాలేజీల షగుఫ్తా మేడం హిస్టరీ చెప్తుండె. ఓ రోజు రెండువేల ఏండ్ల కిందటి ముచ్చట తీసింది. తక్షశిల గ్రీకు రాజు పంపిన రాయబారి హెలియోడోరస్, విదిశకొచ్చి వాసుదేవుని భక్తుడైండట. గరుడ స్తంభం నిలబెట్టిండట! ఈజిప్టుల గ్రీకు రాజులైతే గ్రీకు దేవుళ్లను, ఈజిప్టు దేవుళ్లను కలిపి కొత్త దేవుణ్నే తయారుచేసిన్రట.

ఎంత డేంజర్ పాఠమో చూసిండ్రా!

పిల్లల నోట ఈ పాఠం సంగతి తెలిసి మా గ్రూపుల నర్సింలు గరమైండు. నాలుగూర్ల పసుపు ఒక్క కుప్పల కలిపి అమ్మే వ్యాపారి, దేవుళ్లు కలిస్తే ఊకుంటడా? "మన దేవుని సంగతి ఆమెకెందుకు?" అని మెసేజ్ పెట్టిండు. అటు ముస్లింల గ్రూపుల టైలర్ అక్రమ్ సుత గరమే. పెండ్లికొడుకు ఏ మతపోడైనా షేర్వానీ కుడ్తడు గని, "మన పిల్ల అయ్యి గరుడ స్తంభం గురించి చెప్పుడేంది?" అన్నడు.

తెల్లారి ఇద్దరూ కాలేజీ గేటు కాడ ఎదురైన్రు.

"నువ్వెందుకొచ్చినవ్?"

"నువ్వెందుకొచ్చినవో గందుకే!"

ఏండ్ల సంది మాటల్లేనోళ్లు, కలిసి ఛాయ్ తాగి ఒక్కటే దరఖాస్తు రాసిన్రు. తెలుగుల సగం సంతకాలు, ఉర్దూల సగం. గింత ఐక్యత ఏ గ్రీకు రాజు తెచ్చిండు?

ప్రిన్సిపాల్ సార్ షగుఫ్తా మేడంను పిలిచిండు.

"పుస్తకంల ఉన్నదే చెప్పిన సార్," అన్నదామె.

"పుస్తకంల ఉంటే ఉండనీ మేడం. నోట్లకెళ్లి ఎందుకు రావాలె?"

మేడం హాజరు రిజిస్టర్ టేబుల్ మీద పెట్టి, బ్యాగు భుజానికేసుకొని బస్టాండు దిక్కు నడిచింది.

ఇప్పుడు ఆమె జాగల లోకేశ్ సార్ వస్తున్నడు. గైడు చదువుతడు, పిల్లలు రాసుకుంటరు. మస్తు ప్రశాంతం! ఎక్కడి దేవుళ్లు అక్కడ సల్లగున్నరు.

గా దరఖాస్తు మీద నా సంతకం కూడా ఉంది. పెట్టకుంటే గ్రూపుల ఏమనుకుంటరోనని పెట్టిన.

మొన్న అన్నం తినేటప్పుడు, "బిడ్డా, హిస్టరీ క్లాసు ఎట్ల నడుస్తుంది?" అని అడిగిన.

పూర్ణిమ తలెత్తలే.

"ప్రశ్నలు అడుగుడు బంద్ చేపిచ్చిన్రు కద నాయినా. నువ్వు గూడ అడగకు."