సైన్సు మాస్టారి పాత పెట్రోలు

ఆ ఆదివారం పొద్దున్న సైన్సు మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. పన్నెండింటికి తోడల్లుడు కొత్త కారులో దిగేలోపు, షెడ్డులో రెండేళ్లుగా ముసుగుతన్ని పడుకున్న తన కారును లేపి నిలబెట్టాలి. కొన్న వారంలోనే దాన్ని వెనక్కి తీస్తూ ఎదురింటి ప్రహరీని పలకరించాక, ఆయన మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. భయమని మాత్రం ఎవరితోనూ అనలేదు. "రోడ్డు మీద జనానికి క్రమశిక్షణ లేదు" అని తీర్మానించి, బస్సెక్కి బడికి వెళ్తున్నారు.

"ఆర్నెల్లు దాటితే పెట్రోలు జిగురవుతుంది. అది ఇంజనులోకి పోయిందా, ఇక అంతే సంగతులు. ముందు టాంకు ఖాళీ చెయ్యాలి," అంటూ తోటకు నీళ్లు పెట్టే పైపులోంచి ఓ ముక్క కోశారు.

కూర తరుగుతున్న భార్య చేయి ఆగిపోయింది. "ఇవాళే ఎందుకండీ? దాని మానాన అది పడుంది. రేపు మెకానిక్కుని పిలుద్దాం."

"రేపైతే ఇవాళ మీ అక్క మొగుడికి ఏం చూపించమంటావు? ముసుగా?"

"పోనీ, ఒక్కసారి స్టార్టు చేసి చూడండి."

"పాత పెట్రోలుతోనా? తెలియని విషయాల్లో వేలు పెట్టకు."

ఆవిడ గుమ్మం పక్కన తగిలించిన కూరల సంచీ కేసి ఓసారి చూసి, మళ్లీ కూర తరగసాగింది.

ముసుగు లాగితే కారు తళతళలాడింది. "చూశావా? కవరు మంచిది కొంటే దుమ్ము కూడా పట్టదు," అన్నారు మాస్టారు. టైరును కాలితో తన్ని చూశారు. రాయిలా ఉంది. "అదీ టైరంటే!"

సైఫను సూత్రం ఆయనకు కరతలామలకం. ఇరవై రెండేళ్లుగా నల్లబల్ల మీద ఎత్తులో ఒక గిన్నె, పల్లంలో ఒక గిన్నె, మధ్యలో వంకర గొట్టం గీస్తూనే ఉన్నారు. ఆ బొమ్మలో నీళ్లు బాణం గుర్తు వెంట బుద్ధిగా దిగిపోయేవి. మొదట ఎవరో ఒకరు నోటితో పీల్చాలన్న సంగతి ఏ పరీక్షలోనూ అడగలేదు.

రెండుసార్లు పీల్చినా గాలే వచ్చింది. మూడోసారి ఊపిరంతా కూడగట్టుకుని పీల్చారు. బాణం గుర్తు నేరుగా ఆయన గొంతులోకి దిగింది.

కళ్ల వెంట నీళ్లు కారుతున్నా పైపును బకెట్లో పెట్టడం మాత్రం మరచిపోలేదు. బకెట్టు నిండింది. రెండో బకెట్టు నిండింది. ఆయన నాలుగు లీటర్లకు మించి ఎప్పుడూ పోయించినట్టు గుర్తులేదు. వయసు మీద పడుతోంది కాబోలు, జ్ఞాపకశక్తి తగ్గుతోందని సరిపెట్టుకున్నారు.

వాసన మెట్లెక్కి పై వాటా తలుపు తట్టింది. అక్కడుండే రిటైర్డు గుమాస్తా సగం మెట్లు దిగి వచ్చాడు. "ఏమిటి మాస్టారూ ఈ కంపు?"

"కారులో పాత పెట్రోలు తీసేస్తున్నానండీ. రెండేళ్లుగా కదల్లేదు కదా!"

"ఏ కారు?"

"ఇదే. ఈ కారే."

గుమాస్తా కారును చూశాడు, మాస్టారిని చూశాడు, వెనక గుమ్మంలో నిలబడి కళ్లతోనే బతిమాలుతున్న ఆవిడను చూశాడు. "అవునవును. పాపం, కదిలి ఎన్నాళ్లయిందో," అని వచ్చిన దారినే మెట్లెక్కాడు.

అప్పుడు పట్టుకుంది మాస్టారికి దగ్గు. తెరలు తెరలుగా వచ్చి ఆగనంది. "రెండు గుక్కలు లోపలికి పోయాయి," అన్నారు మధ్యలో ఊపిరి దొరికినప్పుడు. ఆవిడ పరుగున వెళ్లి పక్కవీధి డాక్టరుకు ఫోను చేసింది. "డాక్టరుగారూ! మా ఆయన పెట్రోలు తాగేశారు!"

వాంతి చేయించవద్దు, పాలూ గీలూ పట్టవద్దు, తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాడు డాక్టరు. ఆ మాటలు ఆవిడ ఒక్కతే వింది. వీధి విన్నది ఆవిడ కేక మాత్రమే. ఎదురింటికి చేరేసరికి అది "మాస్టారు పెట్రోలు మీద పోసుకున్నారు" అయింది. మలుపులో టైలరు కొట్టుకు చేరేసరికి "మాస్టారికి నిప్పంటుకుంది" అయింది. టైలరు బాధ్యత గల మనిషి. ఫైరింజనుకు కబురుపెట్టాడు.

గంటలు కొట్టుకుంటూ బండి రానే వచ్చింది. అందులోంచి దూకిన అధికారి గేటు తోసుకొచ్చి, "కాలుతున్న మనిషెక్కడ?" అని అరిచాడు.

"నేనేనండీ," అన్నారు మాస్టారు దగ్గుతూ.

ఫైరింజను మనుషులు బకెట్లు జాగ్రత్తగా బయటికి మోస్తుండగా, హారను కొట్టుకుంటూ తోడల్లుడి కొత్త కారు వచ్చి ఫైరింజను పక్కన ఆగింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. "బావా, ఈయన్ని అర్జంటుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి!"

"అయ్యో, ఎంతమాట! ఎక్కించమ్మా," అన్నాడు తోడల్లుడు. ఆ తర్వాత పెట్రోలులో తడిసిన మాస్టారి చొక్కా కేసి చూశాడు. "కాకపోతే సీట్ల మీద ప్లాస్టిక్కు కూడా ఇంకా తియ్యలేదు. దారిలో ఏ వాంతో అయితే ఆయనకే మొహమాటం. అంబులెన్సయితే కాళ్లు చాపుకోవచ్చు కదా?"

ఆవిడ గబగబా ఇంటివైపు నడిచింది. గుమ్మం పక్కన తగిలించిన కూరల సంచీలో చెయ్యిపెట్టి, కారు రెండో తాళంచెవి తీసింది. "వెనక పడుకోండి."

"ఎవరు నడుపుతారు?" అన్నారు మాస్టారు.

ఆ ప్రశ్న వీధిలో ఇంకెవరికీ రాలేదు.

"టాంకులో పెట్రోలు లేదు కదే!"

"మీ పైపు అడుగుదాకా అందలేదు. ఆసుపత్రి దాకా వస్తుంది."

తాళం తిప్పగానే కారు గుర్రంలా సకిలించింది. ఎదురింటి ప్రహరీకి బెత్తెడు దూరంలో, ఫైరింజనుకూ కొత్త కారుకూ మధ్యనున్న సందులోంచి, ఆవిడ ఒంటిచేత్తో కారును వెనక్కి తీసింది. అధికారి నోరు తెరిచాడు. "ఈవిడేనండీ, మా ఆవిణ్ణి నెలనెలా కంటి డాక్టరు దగ్గర దించేది," అని మళ్లీ కిందికి దిగొచ్చిన గుమాస్తా ఆయనకు గర్వంగా చెప్పడం వెనక సీటులో పడుకున్న మాస్టారి చెవిన పడింది.

రెండు వీధులు దాటాక ఆయన తల కాస్త ఎత్తారు. "ఎన్నాళ్లుగా?"

"ఏడాదిన్నర."

"వీధంతా తెలుసా?"

"మీకు తప్ప."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే రోజూ అనుకునేదాన్ని. మీరు బస్సు దిగి రాగానే కారు నడపడం ఎంత కష్టమో చెప్పేవారు. వింటూ వింటూ ఉండిపోయాను." సిగ్నలు దగ్గర ఆగి, ఆవిడ అద్దంలోంచి ఆయన్ని చూసింది. "ఇవాళ మీ అందర్నీ ఎక్కించుకుని తిప్పి, అప్పుడు చెప్దామనుకున్నాను. నిన్న మధ్యాహ్నమే టాంకు నిండా పోయించాను."

మాస్టారు కళ్లు మూసుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి విని, ఎక్స్‌రే తీయించి చూసింది. "తాగింది పాత పెట్రోలా, మంచిదా?"

జవాబు చెప్పేముందు మాస్టారు భార్య మొహం చూశారు. పెళ్లయ్యాక అలా జరగడం అదే మొదలు. "మంచిదేనండీ," అన్నారు.

ఊపిరితిత్తులకు ఏమీ కాలేదనీ, గొంతు మాత్రం ఒరుసుకుపోయిందనీ, సాయంత్రం దాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బాగా గుణమిచ్చినట్టుంది, ఆ మందు మాస్టారు వారం రోజులు వాడారు.