క్యారేజీలో తమ్ముడు

జోగమ్మ సంచి సర్దుతోంది. వెళ్ళేది పెందుర్తి నుంచి సిటీలోని ద్వారకా నగర్‌కే. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు. అయినా సంచిలో రెండు జతల బట్టలు, జ్వరం మాత్రలు, దుప్పటి, టార్చిలైటు చేరాయి. గడప దాటిన మనిషి అనుకున్న వేళకే తిరిగి వస్తాడన్న నమ్మకం ఆమెకు ఏనాడో పోయింది. అసలు తీసుకువెళ్ళవలసింది మాత్రం ఇంకా మంచం మీదే ఉంది. అరచేతికంటే కాస్త పెద్దగా, ఇటుకముక్కలా బరువుగా ఉన్న ఒక ఇనపపెట్టె. పాత కంప్యూటరులోంచి ఊడదీసిన హార్డ్ డిస్కు.

అందులో ఆమె తమ్ముడు కోటి ఉన్నాడు. కోటి ఓడలో వంటవాడు. ఆఖరిసారి ఓడ ఎక్కబోయే ముందు అక్క ఇంటికి భోజనానికి వస్తే, జోగమ్మ కూతురు కుసుమకుమారి ఆ కాసేపూ వీడియో తీసింది. తరువాత ఆ ఓడ మునిగింది. దొరకనివాళ్ళలో కోటి ఒకడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో అతన్ని 'ఉన్నాడు' అని ఎవరూ అనరు, 'లేడు' అనీ అనరు. అతని గొంతు మిగిలింది ఆ వీడియోలోనే. నిన్న పక్కింటి జయంత్ ఆ డిస్కును తన దగ్గరున్న అడాప్టరుతో ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే టిక్కు టిక్కుమంది తప్ప తెరుచుకోలేదు. ద్వారకా నగర్‌లో బాగుచేసేవాళ్ళు ఉన్నారు, పట్టుకెళ్ళండి అన్నాడతను.

అతను చెప్పినట్టు తిన్నగా పట్టుకెళ్ళి ఉంటే ఈ కథ లేదు. కానీ జయంత్ భార్య హరిచందన, ఇలాంటివాటిని ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెడితే లేచి కూర్చుంటాయని ఎక్కడో చూశానంది. జోగమ్మ పెట్టింది. తెల్లవారి పాలకోసం ఫ్రిజ్ తీసిన భర్త సన్యాసిరాజు నిలువునా నీరైపోయాడు. ఆయన ఉక్కు ఫ్యాక్టరీ తుక్కు యార్డులో అయస్కాంతం క్రేను నడిపి రిటైరైన మనిషి. ఆయన మీట నొక్కితే ఏనుగంత ఇనపతుక్కు గాల్లోకి లేచేది. లోకంలో ఆయనకు దేవుడంటే భక్తి, అయస్కాంతమంటే భయం.

"ఏటే ఇది? తలుపుకి అప్పన్న సామి బొమ్మ అంటించుంది, కనబడ్నేదా? దాని ఎనకాల ఉన్నది అయస్కాంతం. లోపలున్నదంతా తుడిసిపెట్టుకుపోద్ది" అన్నాడు.

జోగమ్మ పరుగున వచ్చింది. డిస్కును బయటికి లాగితే చెమట పట్టినట్టు నీళ్ళు కారాయి. తడి పీలుస్తాయని బియ్యం డబ్బాలో పూడ్చింది. ఆరాక తీసి తుడిచింది. బయలుదేరేముందు సింహాచలం నుంచి తెచ్చుకున్న చందనం అరగదీసి బొట్టు పెట్టబోతే, డిస్కు మూత మీద సూదిబెజ్జమంత రంధ్రమూ, దాని పక్కన ఏవో ఇంగ్లీషు అక్షరాలూ కనిపించాయి. తెలుగులో ఏది దొరికినా చదివేసే జోగమ్మకు ఇంగ్లీషు రాదు. తయారుచేసినవాళ్ళు బొట్టుకు కూడా చోటు వదిలారని సంబరపడి, ఆ రంధ్రం నిండేలా దట్టంగా చందనం అద్దింది.

దారిలో అయస్కాంతాలు సోకకుండా సన్యాసిరాజు ఒక ఉపాయం ఆలోచించాడు. స్టీలు క్యారేజీలో అడుగున బియ్యం పోసి, మీద డిస్కు పెట్టి, మూత బిగించి, తెల్లగుడ్డలో మూట కట్టాడు. జోగమ్మ ఆ గుడ్డకు కూడా నాలుగు చందనపు బొట్లు పెట్టింది.

బస్సులో ఆ మూటను కిందపెట్టకుండా ఇద్దరూ చెరోవైపు పట్టుకుని కూర్చున్నారు. పక్క సీటు ముసలావిడ కాసేపు చూసి, అంత భద్రంగా ఏం పట్టుకెళుతున్నారని అడిగింది. జోగమ్మకు అబద్ధం రాదు.

"మా తమ్ముడమ్మా."

ముసలావిడ తెల్లగుడ్డనీ చందనాన్నీ చూసి చేతులు జోడించింది. వెనక సీటులో ఎవరో ఫోనులో పాట ఆపేశారు.

"ఎప్పుడు పోనాడు తల్లీ?"

"పోనేదమ్మా. రాత్రంతా ఫ్రీజర్లో ఉన్నాడు. పొద్దున్న తీసి బియ్యంలో పెట్టినాం. నిన్నటిదాకా టిక్కు టిక్కుమంటనే ఉన్నాడు."

దుఃఖం తలకెక్కిన మనిషితో వాదించకూడదని అందరికీ తెలుసు. కండక్టరు తాతబాబు దగ్గరికి వచ్చి, సన్యాసిరాజు భుజం మీద చెయ్యి వేసి, "బావా, ఆవిడకి మీరే దైర్నం సెప్పాల" అన్నాడు. హార్డ్ డిస్కు గురించి తెలిసిన కండక్టరు దొరికాడని సన్యాసిరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దాంతో ఎవరికన్నా మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. తాతబాబు తరువాతి స్టాపులో బస్సు ఆపించి, ఇద్దరినీ దించి, ఒక ఆటో పిలిచి డ్రైవరు సింహాద్రి చెవిలో ఏదో చెప్పాడు.

ఆటోలో వెనక పెద్ద స్పీకర్లున్నాయి. సన్యాసిరాజు ఎక్కనన్నాడు. స్పీకర్లలో అయస్కాంతాలుంటాయని, వాటి పక్కన కూర్చుంటే మావాడు మిగలడని చెప్పాడు. సింహాద్రి మారుమాట లేకుండా స్పీకర్లు రెండూ ఊడదీసి, తెలిసినవాళ్ళ కొట్లో పెట్టి వచ్చాడు. పోయినవాళ్ళ విషయంలో ఒక్కొక్కరి ఆచారం ఒక్కోరకంగా ఉంటుందని అతనికి తెలుసు. ఆటో ద్వారకా నగర్ వైపు తిరగలేదు. తిన్నగా వెళ్ళి సముద్రం ఒడ్డున ఆగింది.

అక్కడ అస్థికలు కలిపించే పంతులుగారు ఎదురొచ్చి, నడుస్తూనే పేరూ గోత్రమూ అడిగారు. పెద్దవాళ్ళు అడిగితే చెప్పడం జోగమ్మకు అలవాటు, చెప్పింది. పోయిన తిథి ఏమిటన్నారు. ఆమె నిలబడిపోయింది.

"తిథి నేదు బాబూ" అంది చివరికి. "పోయినోళ్ళకి కదా తిథి."

పంతులుగారు ఆ మాటను రోజూ వినేవారు కాబోలు, మెత్తగా మూట మీద చెయ్యి వేశారు. జోగమ్మ లాక్కుంది. ముడి ఊడి క్యారేజీ తడి ఇసుకలో పడింది. అల వచ్చి దాన్ని రెండు అడుగులు లాగేసరికి, మోకాళ్ళ నొప్పుల సన్యాసిరాజు దాని మీద బోర్లా పడ్డాడు. మూత తీసి చూస్తే లోపల చుక్క నీరు లేదు. బియ్యం మీద చందనపు బొట్టుతో డిస్కు చెక్కుచెదరకుండా ఉంది. పంతులుగారు వంగి చాలాసేపు చూశారు.

"ఇది హార్డ్ డిస్కు కదమ్మా."

"మరి నానేటన్నాను?" అంది జోగమ్మ.

తన కొడుకు డిస్కు కూడా ఒకసారి ఇలాగే మొరాయించిందని, ద్వారకా నగర్‌లో రోజారమణి దగ్గరికి వెళ్ళమని పంతులుగారే చెప్పారు. సింహాద్రికి ఇప్పుడిక వెళ్ళిపోవాలనిపించలేదు. అతనే తీసుకెళ్ళాడు.

రోజారమణికి పని ఎంత వచ్చో గొప్పలు చెప్పుకోవడమూ అంత వచ్చు. ఫ్రీజర్ సంగతి వింటూనే తల పట్టుకుంది. చల్లబడి తీసినప్పుడు లోపల తడి చేరితే ఉన్నది కూడా పోతుందంది. ఫ్రిజ్ మీది బొమ్మ దీన్ని ఏమీ చెయ్యలేదని, దానికంటే బలమైన అయస్కాంతాలు దీని లోపలే ఉన్నాయని అంది. సన్యాసిరాజు అవమానంగా కిటికీ వైపు తిరిగాడు. రోజారమణి చందనం గోకుతూ, ఈ రంధ్రం మూయవద్దని ఇక్కడ రాసి ఉందని, ఇది డిస్కు గాలి పీల్చుకునే ముక్కు అని చెప్పింది. జోగమ్మ మనసులోనే చెంపలు వేసుకుంది.

తరువాత రోజారమణి తన దగ్గర మూత తీసి ఉన్న పాడైన డిస్కు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల గుండ్రటి అద్దంలాంటి పళ్ళెం, దాని అంచున సన్నటి చెయ్యి. నడిచేటప్పుడు ఆ పళ్ళెం నిమిషానికి ఏడువేల చుట్లు తిరుగుతుందట. ఆ చేతి కొస దాన్ని తాకదట. పొగలో ఉండే నలక కూడా దూరలేనంత సందులో, ఆ తిరుగుడుకు పుట్టే గాలి మీదే తేలుతూ చదువుతుందట. ఎన్నో ఏళ్ళు అలా తాకకుండా తిరుగుతూనే ఉంటుందట.

జోగమ్మ వంగి చూసింది. పళ్ళెంలో ఆమె ముఖమే కనిపించింది.

"ఇలాంటి దాంట్లో మా కోటి ఎక్కడుంటాడమ్మా?"

"కంటికి కనబడడు మామ్మా. దీన్నిండా లెక్కలేనన్ని బుల్లి బుల్లి అయస్కాంతాలుంటాయి. కొన్ని ఇటు తిరిగుంటాయి, కొన్ని అటు. ఆ తిరుగుళ్ళన్నీ వరసగా చదివితే ఆయన గొంతు."

జోగమ్మ ఆ పాడైన డిస్కుకే దణ్ణం పెట్టింది. సన్యాసిరాజు కిటికీ వదిలి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. జీవితమంతా తుక్కు ఎత్తడానికి వాడిన అయస్కాంతం మనిషి నవ్వును కూడా మోస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

రోజారమణి వేరే అడాప్టరు తగిలించింది. టిక్కుమనలేదు. సన్నటి తుమ్మెద రొదతో డిస్కు తిరగడం మొదలైంది. జయంత్ అడాప్టరులో సత్తువ లేదట, జబ్బు అంతేనట. తెర మీద పెళ్ళి ఫొటోలు వచ్చాయి, కుసుమకుమారి చదువు కాగితాలు వచ్చాయి. కోటి వీడియో లేదు.

"నానే తీసీసినాను" అన్నాడు సన్యాసిరాజు, పైన తిరిగే ఫ్యాను కేసి చూస్తూ. "కంప్యూటరు నడవనేక మూలిగేది. బరువెక్కువై ఎత్తనేకపోతందనుకున్నాను. అన్నింట్లోకీ పెద్దదేదో సూసి తీసీసినాను. అది కోటిదని తెలిసినాక మళ్ళీ దాన్ని ముట్టుకోనేదు."

జోగమ్మ కుర్చీ కోసం చెయ్యి చాపితే సింహాద్రి జరిపాడు.

"మళ్ళీ ముట్టుకోలేదా తాతా?" రోజారమణి ఒక్కసారిగా ముందుకు వంగింది. "అయితే బతికించారు. దీంట్లో బరువూ లేదు, తీసెయ్యడమూ లేదు. అది ఏ చోట ఉందో చెప్పే ఆనవాలు ఒక్కటే చెరిపారు. దాని మీద ఇంకోటి రాసేదాకా అది అక్కడే ఉంటుంది."

"పేరు కొట్టీసినా మనిషి ఉంటాడా?" అంది జోగమ్మ.

"ఆ చోట ఇంకొకరు కూర్చునేదాకా ఉంటాడు."

"ఆడి చోట ఎవులు కూకుంటారమ్మా" అంది జోగమ్మ.

వెతకడానికి మధ్యాహ్నమంతా పట్టింది. తెర మీద గీత మెల్లగా సాగుతుంటే నలుగురూ గుడిలో తెర తీయడానికి ఎదురుచూసేవాళ్ళలా కూర్చున్నారు. దొరికింది. పీటమీద కోటి, ఎదురుగా కంచం, అదే సన్నటి మీసం, అదే నవ్వు.

గొంతు వినిపించింది. జోగమ్మది. వంకాయ ఇంకో ముక్క వేసుకో, ఓడలో కమ్మీల మీదికి వంగకు, చలికి చెవులు కప్పుకో, ఈసారి వచ్చాక పెళ్ళి మాట దాటేస్తే ఊరుకోను. కోటి మూడుసార్లు నోరు తెరిచాడు, మూడుసార్లూ ముద్ద పెట్టుకుని మూశాడు. పావుగంట వీడియోలో చివరికి ఒక్కసారి అక్క మంచినీళ్ళకు లేచినప్పుడు, "అలగే అప్పా" అన్నాడు. వీడియో అయిపోయింది.

జోగమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వీడియోలో తన గొంతు తగ్గించి, వాడి మాటలు పెంచగలవా అని అడిగింది. చెరిగిపోయినదాన్ని తేగలనని అప్పటిదాకా చెప్పుకున్న రోజారమణి, అననివ్వని మాటల్ని మాత్రం తేలేనంది.

కోటి ఓడ ఎక్కింది 2017 ఆగస్టులో. తిరిగి రాలేదు.