కట్టెయ్!

ఆదివారం ఎనిమిదింటికల్లా ఇంజను పరీక్ష ముగించి, తొమ్మిదింటికి కొట్టు తెరవాలన్నది రంగులకొట్టు యజమాని లెక్క. ఏడేళ్లుగా ఆయన పెరట్లోని రేకుల షెడ్డులో సొంతంగా విమానం తయారుచేసుకుంటున్నాడు. పాత కారు నుంచి తీసి బిగించిన రోటరీ ఇంజను ఇంతవరకూ నలభై సెకన్లకు మించి ఆడలేదు. భార్య విసిగిపోయి బేరం పెట్టింది: ఇవాళ ఆగకుండా పది నిమిషాలు ఆడితే విమానం ఇంట్లోనే ఉంటుంది, లేదంటే పాత ఇనుము లారీ ఎక్కుతుంది. ఏడేళ్లకు పది నిమిషాలు తూకం వేయడం ఏ తక్కెడకైనా అన్యాయమే. అయినా అంతకన్నా మంచి బేరం రాదని ఆయనకు తెలుసు.

లారీ అప్పుడే వచ్చి గేటు దగ్గర గురగురమంటోంది. "తొందరగా తేల్చండయ్యా, ఇంకోచోట బీరువాలున్నాయి," అన్నాడు ఇనుము వ్యాపారి.

చక్రాల ముందు ఇటుకలు పెట్టి, తోకను తాడుతో షెడ్డు స్తంభానికి కట్టారు. "ఇంజను ఆగకపోతే సీటు వెనక పెట్రోలు కుళాయి తిప్పాల్సింది నువ్వేరా," అన్నాడాయన బావమరిదితో.

"ఆగకపోవడమా? ఇన్నాళ్లూ ఆగడం తప్ప అదేం చేసింది బావా!"

ఆయన సీటు పక్కన కిందే నిలబడి స్విచ్చు వేశాడు. ఇంజను అందుకుంది. ఒక నిమిషం. రెండు. మూడు. ఆయన కళ్లు చెమర్చాయి. నాలుగో నిమిషంలో యాక్సిలరేటరు తీగ బిగుసుకుపోయింది. హోరు పెరిగింది, ఇటుకలు నలిగాయి. స్విచ్చు లాగితే ఊడి చేతికొచ్చింది. ఆపితే విమానం పోతుంది, ఆపకపోతే ఎదురుగా ఉన్న వంటిల్లు పోతుంది. క్షణం తూచి, గుండె రాయి చేసుకుని అరిచాడు.

"కట్టెయ్! కట్టెయ్!"

అంత హోరులోనూ ఆ మాట అందరికీ వినబడింది. వరండాలో గడియారం చూస్తున్న భార్య నీళ్ల మోటారు కట్టేసింది. ఇనుము వ్యాపారి లారీ కట్టేశాడు. బావమరిది మాత్రం బిగుసుకున్న తాడు వంక చూశాడు. బావ ఇంకా గట్టిగా కట్టమంటున్నాడు కాబోలనుకున్నాడు. గట్టిగా కట్టాలంటే ముందు విప్పాలి కదా. విప్పాడు.

విమానం పెరడు దాటి వంటింటి గోడలో సగందాకా దూరింది. ముందున్న పంకా ముక్కలైంది, కుళాయి కూలిన గోడ ఇటుకల కింద కూరుకుపోయింది. ఇంజను మాత్రం పెట్రోలు చుక్క మిగలకుండా తాగి, తీరిగ్గా ఆగింది.

"కట్టేలోపే వెళ్లిపోయింది బావా," అన్నాడు బావమరిది, తాడు చేత్తో పట్టుకుని.

"పదకొండు నిమిషాలు," అంది భార్య. "మాటంటే మాటే. ఇంట్లోనే ఉంటుందన్నాను. ఉంది."

ఆయన చేతిలోని స్విచ్చు కింద పడేశాడు. తర్వాత ఇనుము వ్యాపారి వైపు తిరిగి, "తీసుకుపోవయ్యా," అన్నాడు నీరసంగా.

వ్యాపారి లోపలికి తొంగిచూసి, పైకి చూసి, మెల్లగా వెనక్కి నడిచాడు. "నా వల్ల కాదయ్యా. దూలం దీని నెత్తినే కూర్చుంది. కదిపితే కప్పు దిగిపోతుంది." లారీ బీరువాల కోసం వెళ్లిపోయింది.

ఏడేళ్ల కష్టం మీద ఇన్నాళ్లకు ఒకటి నిలబడింది: వంటింటి కప్పు.